ఎవరి మానిక వారిదేనా?

పెళ్ళయిన కొత్తలో మా అమ్మకి ఉత్తరం రాసి ఆవకాయ కొలతలు తెప్పించుకున్నాను. పాతిక కాయలకి మానెడు కారం, మానెడు ఆవపిండి, దానికి ముప్పాతిక వంతు ఉప్పు. తు.చ. తప్పకుండా కలిపాను. తీరా చూస్తే ఎవరూ నోట పెట్టలేకపోయారు. అమ్మ మానిక వేరు, మా అత్తగారి మానిక వేరూను!

నవ్వకండి. సాఫ్ట్‌వేర్ ఎలా వాడాలో చెప్పే పుస్తకాలు రాయడం నా ఉద్యోగం. అక్కడా ఇదే భాగోతం. ఒక జట్టు వర్డ్‌లో రాస్తుంది, ఇంకో జట్టు వెబ్ పేజీల్లో, మరో జట్టు తమకి తప్ప ఎవరికీ తెరుచుకోని ఏదో ఫైల్లో. అన్నీ కలిపి ఒక పుస్తకం చెయ్యాలంటే రాత్రిళ్ళు కూర్చుని అతుకులు వేసేది మేమే.

అతుకులేగా అంటారేమో! ఓసారి "ముందు కాపీ తీసుకోండి, లేకపోతే లెక్కలన్నీ పోతాయి" అన్న హెచ్చరిక ఎర్ర గడిలో ఉండేది. ఒక ఫైల్లోంచి ఇంకో ఫైల్లోకి మార్చేసరికి ఆ ఎరుపు కాస్తా ఎగిరిపోయి, హెచ్చరిక మామూలు వాక్యాల్లో కలిసిపోయింది. ఒక చిన్న కొట్లో లెక్కలు రాసే అమ్మాయి అది గమనించక మీట నొక్కింది. నెల లెక్కలు గల్లంతు! "చదువుకోలేదా?" అని అందరూ ఆ పిల్లనే తిట్టారు. తప్పు ఆమెది కాదండీ, మాది.

దీనికి మందు లేక కాదు. 1991లోనే ఓరైలీ ప్రచురణ సంస్థ, హాల్ అనే కంప్యూటర్ కంపెనీ కలిసి డాక్‌బుక్ అనే ఉమ్మడి పద్ధతి మొదలుపెట్టాయి. అందులో "ఎరుపు" అని కాదు, "ఇది హెచ్చరిక" అని గుర్తు పెడతాం. రంగు సంగతి తర్వాత. అదే రాతలోంచి అచ్చు పుస్తకమూ వస్తుంది, తెర మీది పేజీ కూడా వస్తుంది.

"ఆ గుర్తులు పెట్టడం విసుగండీ!" అంటారు మావాళ్ళు. నిజమే, విసుగే. ఆ విసుగు పడలేనివాళ్ళకి ఇప్పుడు తేలిక పద్ధతులూ ఉన్నాయి. ఫ్రీబీఎస్‌డీ వాళ్ళు 2021లో డాక్‌బుక్ వదిలి ఆస్కీడాక్‌కి మారారు. మారితే మారండి, అందరూ కలిసి మారండి. ఏదో ఒకటి ఉమ్మడిగా పెట్టుకోండి. అంతేగాని "నా ఫైలు నాకు ముద్దు" అంటే ఎలా?

అమ్మ మానిక ఇప్పటికీ మా అటక మీద భద్రంగా ఉంది. కారం మాత్రం కిలోల లెక్కన చెప్పుకుంటున్నాం. ప్రేమ వేరు, కొలత వేరు.