పీల్చే మందుకు భయపడవద్దు

పావగడ ప్రాంతపు మన నేత కుటుంబములలో, ఉబ్బసపు బిడ్డకు ఆయాసము తగ్గగానే, పీల్చే స్టెరాయిడ్ మందును మాన్పించుట చూచుచున్నాము. బిడ్డ పొడవు ఎదగడని భయము. అందులో కొంత నిజము లేకపోలేదు. అమెరికా, కెనడాలలో 5 నుండి 13 ఏండ్ల పిల్లలకు నాలుగు నుండి ఆరేండ్లు ఈ మందు వాడించి, పెద్దవారైన పిదప కొలువగా, సగటున 1.2 సెంటీమీటర్ల ఎత్తు తగ్గినట్లు 2012లో ప్రకటించిరి. అనగా అర అంగుళము లోపు. ఎదుగుదల మందగించినది తొలి రెండేండ్లలోనే. ఆ లోటు ఏటేట పెరుగలేదు. అదుపు తప్పిన ఉబ్బసమో, ప్రాణమే తీయగలదు.

కనుక తల్లిదండ్రులకు మా మనవి: ఆయాసము లేదని మీ అంతట మీరు మందు ఆపకుడు. ఎంత తక్కువ మోతాదు చాలునో వైద్యుని అడుగుడు. బిడ్డ ఎత్తు కొలిపించుచుండుడు. పీల్చిన వెంటనే నోరు పుక్కిలింపజేయుడు. నూలు ధూళి లేచుచోట బిడ్డను పడుకోబెట్టకుడు. అర అంగుళమునకు వెరచి ఊపిరిని పణము పెట్టరాదు.