పారిపోయిన పనిమనిషి

సూరత్ నగరంలోని లింబాయత్ సందులలో నడిచేవారికి మరమగ్గాల చప్పుడుతోపాటు తెలుగు మాట కూడా చెవిని పడుతుంది. చేమగ్గం కూడు పెట్టని రోజులలో తెలంగాణ పద్మశాలి కుటుంబాలు షోలాపూరుకు, భివండికి, సూరత్‌కు తరలివెళ్లాయి. అక్కడి బ్రతుకు పూలపాన్పు కాదు. అయినా సూరత్ కార్మికునికి ఒక వెసులుబాటు ఉంది. యజమాని కూలి ఎగవేసినా, చెయ్యి చేసుకున్నా, అతడు మూట సర్దుకొని పక్కవీధిలోని మరో కార్ఖానాకు పోవచ్చును. రావలసిన డబ్బు మునిగిపోవచ్చు గాని, పని మానినందుకు పోలీసులు పట్టుకుపోరు.

మొగలాయీల కాలంలో హజ్ యాత్రికుల ఓడలు ఆ సూరత్ రేవునుంచే అరబ్బుదేశానికి బయలుదేరేవి. ఆ సముద్రపు ఆవలి ఒడ్డున ఉన్న దేశాలకే నేడు గోదావరి జిల్లాలనుంచి, కడప ప్రాంతంనుంచి వేలాది తెలుగు స్త్రీలు ఇంటిపనికి వెళుతున్నారు. మగ్గం కార్మికునికున్న ఆ ఒక్క వెసులుబాటూ వారికి లేదు.

గల్ఫ్ దేశాలలో కఫాలా అనే పద్ధతి వాడుకలో ఉంది. పనిచేయవచ్చిన మనిషి ఆ దేశంలో ఉండడానికి అనుమతి ఆమె యజమాని పేరుతో ముడిపడి ఉంటుంది. కువైట్‌లో ఇంటిపనివారికిచ్చేది 20వ నెంబరు వీసా. తిండి పెట్టకపోయినా, జీతం ఇవ్వకపోయినా, కొట్టినా ఆమె గడప దాటిందంటే, “పారిపోయింది” అని యజమాని ఫిర్యాదు చేయవచ్చు. దానితో నివాసానుమతి పోతుంది. పట్టుబడితే నిర్బంధం, ఆపైన దేశ బహిష్కరణ. దెబ్బలు తిన్న మనిషే నేరస్థురాలవుతుంది!

ఆ నిర్బంధంలో ఉన్న ఇల్లాలికి భాష రాదు. ఏ కాగితంమీద వేలిముద్ర వేసిందో తెలియదు. పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉంటుంది. ఇంటికి కబురు పంపే దారి తోచదు. అటువంటి వేళ తన భాషలో పేరు పెట్టి పిలిచే మనిషి ఎదుటకు వస్తే, ఆ రాక విలువ ఎంతటిదో వేరే చెప్పనక్కరలేదు.

చెరసాలలో ఉన్నవారిని చూడబోవడం క్రైస్తవులకు కొత్త కాదు. మత్తయి సువార్త 25వ అధ్యాయం దానిని ఆకలిగొన్నవారికి అన్నం పెట్టడంతో సమానంగా ఎంచింది. మన దేశంలో 1981లో కేరళలో మొదలైన ప్రిజన్ మినిస్ట్రీ ఇండియా వంటి సంస్థలు ఈ పనిని బాధ్యతగా స్వీకరించాయి. అయితే ఇంటినుంచి పారిపోయిన పనిమనిషి ఉదంతం అంతకన్న పాతది. అది బైబిలులోనే ఉంది.

పౌలు రాసిన లేఖలలో అతిచిన్నది ఫిలేమోనుకు రాసినది. అందులో ఉన్నవి 25 వచనాలు మాత్రమే. ఫిలేమోను ఇంటి బానిస ఒనేసిము యజమానిని విడిచి పారిపోయాడని సంప్రదాయ వ్యాఖ్యానం. అతనికి పౌలు తారసపడ్డాడు. అప్పుడు పౌలు తానే బందీ. ఆ బందీ మూడు పనులు చేశాడు. పారిపోయినవాని మాట విన్నాడు. యజమానికి ఉత్తరం రాసి, ఇతనిని బానిసగా కాక సోదరునిగా చూడమని కోరాడు. అతడు బాకీ ఉన్నదేమైనా ఉంటే తన లెక్కలో వేయమని స్వహస్తంతో హామీ ఇచ్చాడు.

గల్ఫ్ నిర్బంధంలోని తెలుగు ఇల్లాలికి కావలసినవీ సరిగా ఈ మూడే. ఆమె చెప్పేది వినే చెవి కావాలి. రాయబార కార్యాలయానికి, అధికారులకు ఆమె తరఫున రాసే చెయ్యి కావాలి. విమానపు టికెట్టుకు, జరిమానాకు దారి చూపే మనిషి కావాలి. ఇటువంటి ఆపదలకోసమే భారత ప్రభుత్వం 2009లో ప్రవాస భారతీయుల సంక్షేమనిధిని ఏర్పరచింది. ఆ నిధి ఉన్నదని ఆమెకు ఎవరైనా చెప్పాలి కదా!

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. గల్ఫ్‌కు వెళ్లేవారిలో హిందువులున్నారు, ముస్లిములున్నారు, క్రైస్తవులున్నారు. బందీగా ఉన్న మనిషి బోధ వినడం ఇష్టం లేకపోయినా లేచిపోలేదు. ఒక ఇంట్లో కాదనే హక్కు కోల్పోయి వచ్చినామె ముందు మరొక షరతు పెట్టడం దయ అనిపించుకోదు. లండన్‌లోని న్యూగేట్ చెరసాలకు 1813లో తొలిసారి వెళ్లిన ఎలిజబెత్ ఫ్రై గడ్డిమీద పడుకున్న తల్లులకు, బిడ్డలకు మొదట బట్టలు పట్టుకెళ్లింది. 1817లో అక్కడ కొత్త నియమాలు పెట్టదలచినపుడు, ఒక్కొక్క నియమాన్నీ ఖైదీ స్త్రీల ముందు చదివించి వారి సమ్మతి అడిగింది. ఎదుటి మనిషి సమ్మతి అడగడమే సేవకు మొదటి మెట్టు.

పౌలు చేయలేని పని ఒకటుంది. రోము చట్టాన్ని అతడు మార్చలేకపోయాడు. నేటివారికి ఆ అవకాశం ఉంది. ఇంటిపనివారి హక్కులపై 2011లో అంతర్జాతీయ కార్మిక సంస్థ 189వ ఒడంబడికను ఆమోదించింది. కువైట్ 2015లో ఇంటిపనివారికి ప్రత్యేక చట్టం చేసి, రోజుకు 12 గంటలకు మించి పని చేయించరాదనీ, వారానికొక సెలవు ఇవ్వాలనీ, పాస్‌పోర్టు దాచుకోరాదనీ శాసించింది. 2018లోనూ 2020లోనూ క్షమాభిక్ష ప్రకటించి, అనుమతి లేకుండా ఉన్నవారిని జరిమానా లేకుండా స్వదేశాలకు పోనిచ్చింది. అయితే మూసిన తలుపుల వెనుకకు చట్టం అంత సులభంగా వెళ్లదు. క్షమాభిక్ష కూడా నేరం చేసినవారికిచ్చేదే గాని, అన్యాయం పొందినవారికి చేసే న్యాయం కాదు.

చెరసాల తలుపు దగ్గరకు వెళ్లి పలకరించేవారు ధన్యులే. కాని సూరత్ మగ్గం కార్మికునివలె ఆ ఇల్లాలు కూడా మూట సర్దుకొని నిర్భయంగా గడప దాటగలిగిన నాడు, ఆమెను చూడడానికి చెరసాలకు వెళ్లవలసిన అగత్యమే ఉండదు. ఆ సేవ చేసేవారు కోరుకోవలసినదీ ఆ రోజునే.