నల్లరాతి నేలకు కావలి

పచ్చదనమున్న చోటనే ప్రకృతి యున్నదనుట లోకములో పాతుకొన్న అభిప్రాయము. అడవికి కావలి కావలెనన్న నెల్లరు నొప్పుకొందురు. మాడిన రాతినేలకు కావలి యెందులకని నవ్వుదురు. ఆ నవ్వునకు సమాధానము అమెరికాలోని ఐడహో రాష్ట్రమున గలదు.

అచ్చట నేల నెఱ్ఱెలు వాసి, సుమారు 15,000 ఏండ్ల నాటినుండి 2,000 ఏండ్ల క్రిందటివఱకు విడతలు విడతలుగా లావా వెలువడినది. కఱగిన రాయి ప్రవహించి చల్లాఱి, ఒకచోట మడతలు పడిన దుప్పటివలె, మఱొకచోట గాజుపెంకుల కుప్పవలె గట్టిపడినది. పైపొర గడ్డకట్టగా లోపలి ద్రవము ముందునకు సాగిపోయినచోట గుహ లేర్పడినవి. సేద్యమునకు కొఱగాని ఆ నేలను 1924లో అధ్యక్షుడు కూలిడ్జ్ 'క్రేటర్స్ ఆఫ్ ది మూన్' అను పేర జాతీయ స్మారకముగా ప్రకటించెను. 1969లో చంద్రయాత్రకు శిక్షణ పొందుచున్న వ్యోమగాములు కొందఱు శిలలను పరిశీలించుట నేర్చుకొనుటకు అచ్చటికే పోయిరి. పనికిమాలినదనుకొన్న నేల పాఠశాలయైనది.

రాయి గట్టిది గదా, దానిని మనుజుని అడుగు ఏమి చేయుననుట మఱొక భ్రమ. లావా చిమ్మి యేర్పడిన పెళుసు దిబ్బలు సందర్శకుల త్రొక్కిడికి నలిగినవి. అందుచేత బాటలు వేసి, ఆ దిబ్బలచెంత వానిని వీడరాదని నియమించిరి. రాతిముక్క యొక్కటైనను తీసికొనిపోరాదు. అచ్చటి బూడిదనేలపై జానెడైనను లేని యొక మొక్క రెండు మూరల మేర వేళ్లు పఱచి బ్రదుకుచున్నది. బాట తప్పిన అడుగు దాని ప్రాణము తీయగలదు.

ఇది పరదేశపు ముచ్చటయని తెలుగు విద్యార్థి పుట మూయనక్కఱలేదు. రాజమహేంద్రవరము చెంత కాటేరు, పంగిడి ప్రాంతముల నల్లరాయి సుమారు ఆఱున్నర కోట్ల యేండ్లనాటి లావాయే. ఆ పొరల నడుమ ఆనాటి జలచరముల గుల్లలు శిలారూపమున నిలిచియున్నవి. ఆ రాయి కంకరయై లారీల కెక్కుచున్నది. రోడ్లు వలదా యని యడుగవచ్చును, వలయును. క్వారీలన్నియు మూయుమనుట న్యాయము కాదు. కాని పొరలు తేటగా కనబడు అంచు నొకదానినైనను విడిచి, కంచె వేసి, వివరములు తెలుపు ఫలకము నాటిన, భూగర్భశాస్త్రమునకు అంతకంటె మేలైన నల్లబల్ల యుండదు. కర్ణాటకమున ఉడిపి దాపున సెయింట్ మేరీ దీవుల లావాస్తంభములు జాతీయ భూగర్భ స్మారకముగా గుర్తింపబడియే యున్నవి. అట్టి గౌరవము గోదావరి యొడ్డు రాతికి మాత్రమేల కూడదు?

నఱికిన చెట్టు మరల చిగుర్చవచ్చును. కంకరయైన లావాపొర మరల పేరుకొనదు. ఉపాధ్యాయులు పిల్లలకు ఆ రాతిని చూచుట నేర్పవలెను, చూచి యథాస్థానమున విడిచి వచ్చుటయు నేర్పవలెను.