పూర్ణా మార్కెట్‌లో బొమ్మల ప్రదర్శన పెడితే.. చందా పుడుతుంది సరే, లెక్క ఎవరు చెప్తారు?

వినాయక చవితి దగ్గర పడితే పూర్ణా మార్కెట్‌లో చందా పుస్తకాలు బయటికొస్తాయి. కమిటీ కుర్రాళ్లు షాపు ముందు నిలబడితే ఉల్లిపాయల హోల్‌సేల్ వ్యాపారి నుంచి కొత్తిమీర అమ్మే మామ్మ వరకూ ఎంతో కొంత చేతిలో పెడతారు. రసీదు ఇచ్చినా ఇవ్వకపోయినా పెద్దగా అడగరు. అదే కుర్రాళ్లు ఇంకో నెలలో వచ్చి, ‘మన బజారు మనుషుల బొమ్మలతో ఓ ప్రదర్శన పెడతాం, చందా ఇవ్వండి’ అంటే? మొదట వచ్చే మాట ఒకటే. ‘దేనికి బాబూ?’

ఆ ప్రశ్నలో తప్పేం లేదు. దేవుడి పందిరికి డబ్బిస్తే ఏమొస్తుందో బజారుకి తెలుసు. బొమ్మలకిస్తే ఏమొస్తుందో ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. వీధి స్థాయి కళా ప్రదర్శనలన్నీ తడబడేది ఇక్కడే. డబ్బు లేక కాదు, ఆ ప్రశ్నకి జవాబు లేక.

విశాఖలో గోడల మీద రంగులు ఎప్పుడు పడతాయో ఒకసారి గుర్తు చేసుకోండి. 2016 ఫిబ్రవరిలో అంతర్జాతీయ నౌకాదళ సమీక్ష జరిగినప్పుడు. 2023 మార్చిలో పెట్టుబడిదారుల సదస్సు, జీ-20 సమావేశం వెంట వెంటనే జరిగినప్పుడు. అంటే బయటి నుంచి పెద్దలు వస్తున్నారంటే నగరానికి బొమ్మలు గుర్తొస్తాయి. బీచ్ రోడ్డు మెరిసిపోతుంది. వన్ టౌన్ సందుల్లోకి కాన్వాయ్ రాదు కాబట్టి రంగు డబ్బా కూడా రాదు.

కంపెనీ డబ్బు ఎందుకు అందదు?

‘పోర్టు ఉంది, రిఫైనరీ ఉంది, స్టీల్ ప్లాంట్ ఉంది, వాళ్లని అడగండి’ అని సలహా ఇచ్చేవాళ్లు చాలామంది ఉంటారు. విందాం, కానీ రూల్ కూడా చూద్దాం. 2013 కంపెనీల చట్టం సెక్షన్ 135 ప్రకారం రూ.500 కోట్ల నికర విలువ, లేదా రూ.1000 కోట్ల టర్నోవర్, లేదా రూ.5 కోట్ల నికర లాభం ఉన్న కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సీఎస్‌ఆర్‌కి ఖర్చు పెట్టాలి. కళలు, సంస్కృతి ఆ జాబితాలో ఉన్నాయి. చుట్టుపక్కల ప్రాంతాలకి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా చట్టం చెప్తోంది. ఇంతవరకూ బాగానే ఉంది.

చిక్కు తర్వాత వస్తుంది. కంపెనీ తన తరఫున పని చేయమని బయటి సంస్థకి ఆ డబ్బు ఇవ్వాలంటే ఆ సంస్థకి 12ఏ, 80జీ రిజిస్ట్రేషన్లు, మూడేళ్ల అనుభవం ఉండాలి. 2021 ఏప్రిల్ 1 నుంచి సీఎస్‌ఆర్-1 ఫారం కూడా తప్పనిసరి. చందా పుస్తకంతో తిరిగే మన కమిటీకి ఇవేవీ ఉండవు. ఇక స్టీల్ ప్లాంట్ సంగతి తెలిసిందే. నిలబెట్టడానికే కేంద్రం 2025 జనవరిలో రూ.11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించాల్సి వచ్చింది. లాభమే లేనప్పుడు 2 శాతం అంటే సున్నా.

పోనీ వ్యాపారులకి ‘పన్ను మినహాయింపు వస్తుంది’ అని చెప్పి అడుగుదామా? 80జీ ఉన్న సంస్థకే అది వర్తిస్తుంది. రూ.2 వేలు దాటిన నగదు విరాళానికి మినహాయింపు లేదు. కొత్త పన్ను విధానంలో ఉన్న వ్యాపారికి అసలే లేదు. కాబట్టి పన్ను పేరు చెప్పి చందా అడగడం దాదాపు దండగ.

బయట ఏం జరిగింది?

మన పోర్టు సిటీకి దగ్గరి పోలిక ముంబయిలో ఉంది. 2017 చివర్లో అక్కడి ససూన్ డాక్‌లో, అంటే చేపల రేవులో, స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ కళా ప్రదర్శన పెట్టింది. రేవులో పనిచేసే కోలీ మత్స్యకారుల ముఖాలు గోడల మీదికి ఎక్కాయి. ముక్కు మూసుకుని వెళ్లే చోటికి నగరం మొత్తం కదిలొచ్చింది. గొప్పగా ఉంది, కాదనలేం. కానీ ఇలాంటి ప్రదర్శనల వెనుక పెద్ద స్పాన్సర్లు ఉంటారు. ఏ గోడ మీద ఏ బొమ్మ, ఎన్నాళ్లు అనేది రేవులో బుట్ట మోసే మనిషి చేతిలో ఉండదు. ముఖం అతనిది, నిర్ణయం ఇంకొకరిది.

కొచ్చి బినాలే కథ ఇంకా పెద్ద పాఠం. 2012 డిసెంబర్ 12న మొదలైనప్పుడు కేరళ ప్రభుత్వం ఇచ్చిన డబ్బు మీదే వివాదం రేగింది. 2019లో పని చేసినవాళ్లకి బకాయిలు ఇవ్వలేదన్న ఆరోపణలొచ్చాయి. 2022లో ప్రారంభమే డిసెంబర్ 12 నుంచి 23కి వాయిదా పడింది. అంత పేరున్న ప్రదర్శనకే ఇన్ని తిప్పలంటే, పందిరి వేసినవాడికి, కరెంటు పని చేసినవాడికి డబ్బు ముందే పక్కన పెట్టకుండా మొదలుపెట్టడం ఎంత ప్రమాదమో మీరే ఆలోచించండి.

పూర్ణా మార్కెట్‌కి నిజంగా సరిపోయేది బెంగళూరు చిత్ర సంతే అనిపిస్తుంది. కర్ణాటక చిత్రకళా పరిషత్ ఏటా జనవరిలో ఓ ఆదివారం కుమారకృప రోడ్డు మూయించి రోడ్డు మీదే బొమ్మలు పెట్టిస్తుంది. వందల రూపాయల బొమ్మ ఉంటుంది, లక్షల బొమ్మా ఉంటుంది. జనం బేరమాడి కొంటారు. పేరులోనే సంత ఉంది! బేరం తెలిసిన బజారుకి ఇంతకంటే అర్థమయ్యే కళా ప్రదర్శన ఇంకేం ఉంటుంది? పైగా బొమ్మల మీద జీఎస్టీ కూడా 2025 సెప్టెంబర్ 22 నుంచి 12 శాతం నుంచి 5కి దిగింది. ‘దేనికి బాబూ’ అన్న ప్రశ్నకి అప్పుడు సూటిగా జవాబు చెప్పొచ్చు. ‘మీ దుకాణం ముందుకి కొత్త జనం వస్తారండీ.’

తెలుగునాట ఇలాంటి సమష్టి పని కొత్తేం కాదు. దామెర్ల రామారావు 1925లో 27 ఏళ్లకే పోతే, ఆయన బొమ్మల్ని నిలబెట్టింది ఇంటివాళ్లు, మిత్రులే. ఇవాళ రాజమండ్రిలో ఆయన పేరిట ఉన్న గ్యాలరీ వెనుక వాళ్ల చేయి ఉంది.

నోటు కాదు, షట్టర్ ఇవ్వండి

డబ్బు విషయంలో పాత ఊరే ఓ దారి చూపిస్తోంది. కురుపాం మార్కెట్ కన్యకాపరమేశ్వరి గుడిలో దసరాకి అమ్మవారిని కరెన్సీ నోట్లతో అలంకరిస్తారు. భక్తులు నోట్లు తెచ్చి ఇస్తారు, పూజ అయ్యాక తిరిగి తీసుకుంటారు. అంటే అది చందా కాదు, నమ్మకం మీద ఇచ్చే చేబదులు. బొమ్మలకీ అలాగే అడగొచ్చు. నగదు వద్దు, రెండు రోజులు మీ షట్టర్ ఇవ్వండి, బొమ్మ తగిలిస్తాం. మీ తోపుడు బండి ఇవ్వండి, అదే స్టాండ్. మీ షాపు నుంచి రెండు బల్బులకి కరెంటు ఇవ్వండి. ఖాళీ టమాటా ట్రేలు ఇవ్వండి. ఖర్చు సగం ఇక్కడే తగ్గుతుంది. ఇచ్చినవాడు తన బండి ఎలా ఉందో చూసుకోడానికైనా ప్రదర్శనకి వస్తాడు.

మిగిలిన నగదుకి రసీదు పుస్తకం, ఇద్దరి సంతకంతో నడిచే బ్యాంకు ఖాతా, దానికే క్యూఆర్ కోడ్. ఎవరి సొంత ఫోన్ నంబర్‌కీ డబ్బు పోకూడదు. వచ్చింది ఎంత, పోయింది ఎంత అనేది రోజూ సాయంత్రం సుద్దతో బోర్డు మీద రాయాలి. చవితి చందాల మీద బజారులో గొణుగుడు వినని వాళ్లుండరు, అది ఇక్కడికి రాకుండా ఉండాలంటే ఇదొక్కటే మందు. బజారుకి బోర్డు చదవడం బాగా వచ్చు. రోజూ ధరలు అలాగే చూస్తారు కదా.

ఏ బొమ్మలు పెట్టాలో తేల్చే కమిటీలో కూడా చందా ఇచ్చిన పెద్ద వ్యాపారులే ఉంటే లాభం లేదు. కళాసీలు, గంపల మీద అమ్మే ఆడవాళ్లు, ఫ్లెక్సీలొచ్చాక పని పోయిన సైన్‌బోర్డు పెయింటర్లు కూర్చోవాలి. ఆశీలు కట్టేది వాళ్లే, బొమ్మల్లో కనిపించేదీ వాళ్లే. నచ్చని బొమ్మని ‘వద్దు’ అనే హక్కు కూడా వాళ్లకే ఉండాలి. స్పాన్సర్ దొరికితే బ్యానర్ మీద పేరు వేయొచ్చు, ఈ కుర్చీల్లో ఒకటి మాత్రం ఇవ్వకూడదు.

తేదీ కూడా ముఖ్యమే. పొద్దున్నే సరుకు దిగే టైంలో పెడితే తొక్కిసలాటే, సాయంత్రాలు మేలు. మార్గశిర మాసంలో గురువారాలు బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి దర్శనానికి వేలమంది పాత ఊళ్లోకి వస్తారు. ఆ వారాల్లో పెడితే జనాన్ని పిలవడానికి మైకు కూడా అక్కర్లేదు, కాకపోతే ట్రాఫిక్ గురించి పోలీసులతో ముందే మాట్లాడుకోవాలి. అక్టోబర్ మాత్రం వద్దు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ చూసినవాళ్లెవరూ ఆ నెలలో వైజాగ్‌లో గుడ్డ పందిరి కింద కాగితం బొమ్మలు వేలాడదీయరు. మార్గశిరం నాటికి తుపాన్ల భయం కొంత తగ్గుతుంది. అయినా అరువు అడిగే సామాన్ల జాబితాలో మొదటి పేరు టార్పాలిన్‌దే.