ఈదీ పైసల జోరో

రంజాన్ ఈద్‌కి ఖాలాజాన్, మామూజాన్ ఇచ్చిన ఈదీ ఖర్చు పెట్టకుండా దాచి, మావాడు ఆన్‌లైన్‌లో ఒక బొమ్మ తెప్పించుకున్నాడు. 'వన్ పీస్' అనే జపాన్ యానిమేలో జోరో అనే ఖడ్గవీరుడు. జానెడు ఎత్తు, మూడు తల్వార్లు, అందులో ఒకటి నోట్లో. డబ్బా విప్పేసరికి అమ్మీ వచ్చి నిలబడింది. "క్యా రే, ఘర్ మే బుత్ లాకో రఖ్‌రా? ఫరిష్తే ఆతే క్యా ఐసే ఘర్ మే?" అంది. వాడు నా మొహం చూశాడు. నేను అఖ్బార్‌వాలాని, ముఫ్తీని కాదు. అయినా ఆ సవాల్ నన్ను వదల్లేదు.

ముందు ఆ వస్తువేమిటో తెలుసుకుందామని కూర్చున్నాను. దీన్ని 'ప్రైజ్ ఫిగర్' అంటారట. దుకాణంలో అమ్మడానికి కాదు, జపాన్ గేమ్ సెంటర్లలో గెలుచుకోడానికి పుట్టిన బొమ్మ. సెగా కంపెనీ 1985లో 'యూఎఫ్ఓ క్యాచర్' అనే మెషీన్ తెచ్చింది. అద్దాల పెట్టె, పైన ఇనుప పంజా. వంద యెన్‌ల నాణెం వేసి పంజాని కదిపి కిందున్న బహుమతిని పట్టాలి. మన షాపింగ్ మాల్స్‌లో పిల్లలు టెడ్డీబేర్ కోసం కొట్టుకునే మెషీన్ కూడా ఈ ఖాందాన్‌దే. బొమ్మ డబ్బాని రెండు కడ్డీల మీద అడ్డంగా పెడతారు. పంజా పట్టు ఎంత ఉండాలో సెంటర్‌వాళ్ల చేతిలోనే ఉంటుంది. అది డబ్బాని ఎత్తదు, కొంచెం జరుపుతుంది. ఇంకో వంద, ఇంకొంచెం. ఇంకో వంద.

ఇక్కడ కానూన్ చేసిన ఒక తమాషా ఉంది. గేమ్ సెంటర్లు జూదపు అడ్డాలు కాకూడదని జపాన్ చట్టం వాటి బహుమతులకు హద్దు గీసింది. చాలాకాలం బహుమతి ఖరీదు సుమారు 800 యెన్‌లు దాటకూడదనేది లెక్క. 2022లో దాన్ని 1000 యెన్‌లు చేశారు. అంటే తయారీదారు ఆ లెక్కలోనే బొమ్మ చెయ్యాలి. పీవీసీ, ఏబీఎస్ ప్లాస్టిక్, తక్కువ రంగులు, సాదా పీట. అతుకు గీత కొన్నిసార్లు జుట్టులో కనబడిపోతుంది. ఖరీదైన 'స్కేల్ ఫిగర్' అయితే పదిహేను, ఇరవై వేల యెన్‌లు, ఆపైన కూడా ఉంటుంది. ఇది అందులో పదో వంతు కూడా కాదు. జూదాన్ని కట్టడి చెయ్యడానికి పెట్టిన కానూనే ఒక గరీబ్ షౌక్‌కి దర్వాజా తెరిచింది.

సస్తా అంటే నాసి అనుకోకండి. బాన్‌ప్రెస్టో పేరు మీద శిల్పుల మధ్య 'వరల్డ్ ఫిగర్ కొలోసియం' అని పోటీ నడిచింది. డ్రాగన్ బాల్, వన్ పీస్ పాత్రల్ని ఒకరితో ఒకరు పందెం కట్టి చెక్కారు. ఆ పనితనమే ప్రైజ్ ఫిగర్లుగా మామూలు జనం చేతికొచ్చింది. మావాడి జోరో మెడ నరాలు చూసి నేనే ఆగిపోయాను. "రెండు వేలు పెట్టి ప్లాస్టికా?" అని నవ్వే దోస్తులకు నా జవాబు ఒకటే: పాతబస్తీలో కబూతర్లకు దాణా పోసే వాళ్ల లెక్క ఎప్పుడైనా అడిగారా?

ఇప్పుడు అమ్మీ సవాల్. హజ్రత్ ఆయిషా (ర.అ) బొమ్మలతో ఆడుకున్న హదీస్ ఉంది. వాటిల్లో రెక్కల గుర్రం ఒకటుంటే చూసి హుజూర్ (స.అ.స) నవ్వారు. అది చిన్నపిల్లల వరకే అన్న ఉలమా ఉన్నారు, ఇంకా విశాలంగా చూసినవాళ్లూ ఉన్నారు. ఆ బహస్ తేల్చే ఇల్మ్ నాకు లేదు. జోరోకి మా ఇంట్లో ఎవరూ సజ్దా చెయ్యరని మాత్రం తెలుసు. నన్ను పట్టుకున్నది వేరే. సూరా మాయిదా 90వ ఆయత్‌లో బుత్‌ల పక్కనే జువా కూడా ఉంది. అమ్మీకి మొదటిది కనబడింది. నాకు రెండోది.

అందుకే మావాడితో బొమ్మ గురించి కాదు, అది వచ్చే తోవ గురించి మాట్లాడాను. అకిహబారా, నకానోల్లోని సెకండ్‌హ్యాండ్ దుకాణాల్లో ఇవే బొమ్మలు డబ్బా విప్పకుండా ధర చీటీతో ఉంటాయి. రెండు మూడు వేల యెన్‌ల నాణేలు పోసి ఖాళీ చేతులతో బయటికొచ్చినవాడు అదే బొమ్మని పదిహేను వందలకు చూసి తల పట్టుకునే సందర్భాలున్నాయి. సరుకు తెలుసు, ఖీమత్ తెలుసు, సౌదా ఖతం. మన ఫిఖ్‌లో బేరానికి అడిగేది ఇదే, గరర్ ఉండొద్దని. 'ఇచిబాన్ కుజీ' అనే లాటరీ అలా కాదు. అందులో ఖాళీ చీటీ ఉండదు, ప్రతివాడికీ ఏదో ఒకటి వస్తుంది. కానీ నీకు కావాల్సింది పెద్ద బొమ్మ, చేతికొచ్చేది తువ్వాలో కీచైనో. ఇంకో టికెట్ కొంటావు. ఏమీ రాకపోతే మనిషి ఆగుతాడేమో, ఏదో ఒకటి వస్తుంటే ఆగడు. లోపలేముందో చెప్పని బ్లైండ్ బాక్సులు కూడా నా దృష్టిలో అంతే. మావాడికి పెట్టిన షర్త్ అది: ఏది కొంటున్నావో, ఎంతకో తెలిస్తేనే కొను.

నకిలీ మాల్ కూడా వద్దన్నాను. ఒకసారి సగం ధరకని నేనే తెప్పించాను. చర్మం నూనె రాసినట్టు మెరుపు, కళ్లు చెదిరి ఉన్నాయి, విప్పగానే ప్లాస్టిక్ కంపు. చెక్కినవాడి మెహనత్ ఎత్తుకుపోయిన సరుకు అది. దాంట్లో బరకత్ ఎక్కడిది?

అమ్మీ ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. జోరో ఆమె నమాజ్ చదివే గదిలోకి రాకూడదు. వాడి అల్మారాలో తలుపు వెనక ఉంటున్నాడు. మొన్నటి ఎండలకు నోట్లో తల్వార్ వంగిపోయింది. పీవీసీకి ఇది మామూలే, వేడినీళ్లలో ముంచి సాపు చేసి వెంటనే చన్నీళ్లలో పెడితే నిలబడుతుంది. మావాడు గిన్నె తీసుకుని స్టవ్ దగ్గరికెళ్తే అమ్మీ లోపల్నుంచే కేకేసింది: "గ్యాస్ జాయా మత్ కర్ రే, చాయ్‌కా పానీ గరమ్ హై, వో లేలే."