మొనాకో వీధుల్లో జరిగేది పందెమా, ఊరేగింపా?

మధ్యధరా సముద్రపు ఒడ్డున, మూడు పక్కలా ఫ్రాన్సు చుట్టుకొని ఉన్న చిన్న దేశం మొనాకో. దాని విస్తీర్ణం రెండు చదరపు కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. మన దగ్గర చాలా గ్రామాల పొలిమేరలు అంతకన్నా పెద్దవి. అక్కడ మధ్యలో కొన్నేళ్లు తప్పిస్తే 1929 నుంచి కార్ల పందెం జరుగుతున్నది. దీనికోసం వేరే మైదానం లేదు. జనం రోజూ తిరిగే వీధులకే ఇరుపక్కలా ఇనుప కంచెలు బిగించి, వాటి మధ్య కార్లను పరుగెత్తిస్తారు.

ఫార్ములా వన్ పందాల్లో దీనికి ఉన్నంత పేరు మరి దేనికీ లేదు. కాని పేరున్న పందెం చూడదగ్గ పందెం కావాలని ఏమీ లేదు. నా అభిప్రాయం మొదటే చెబుతాను. శనివారం జరిగే అర్హత పోటీ ఇప్పటికీ అద్భుతంగా ఉంటుంది. ఆదివారం జరిగే అసలు పందెం మాత్రం పందెంగా మిగలలేదు. ఎందుకు ఇలా అంటున్నానో చదవండి. ఒప్పుకోవడమా, కాదనడమా అన్నది మీ ఇష్టం.

ముందుగా దారి సంగతి. ఒక చుట్టు 3.337 కిలోమీటర్లు. అలాంటివి 78 చుట్లు తిరగాలి. అంటే మొత్తం 260 కిలోమీటర్లు. మిగతా చోట్ల కనీసం 305 కిలోమీటర్లు ఉండాలన్న నియమం మొనాకోకు వర్తించదు, ఎందుకంటే ఇక్కడ వేగం తక్కువ. దారి కొండ ఎక్కి జూదశాల ముందు నుంచి తిరుగుతుంది, దిగుతుంది, సొరంగంలో దూరి రేవు ఒడ్డున బయటపడుతుంది. దిగేటప్పుడు వచ్చే మడత మలుపులో కార్లు గంటకు సుమారు 50 కిలోమీటర్ల వేగానికి పడిపోతాయి. మన పల్లెవెలుగు బస్సు కూడా ఆ వేగం అందుకోగలదు!

ఇప్పుడు ఒక విషయం ఆలోచించండి. మీరు ఎక్కిన బస్సు ఇరుకు రోడ్డు మీద చెరకు ట్రాక్టరు వెనక చిక్కుకున్నది. బస్సుకు ఎంత శక్తి ఉంటే ఏం లాభం? ట్రాక్టరు సైడు ఇచ్చేదాకా దాని వెనకే పోవాలి. మొనాకోలో సైడు ఇచ్చేవాడు ఉండడు. ముందున్న డ్రైవరు మలుపు దగ్గర దారి మధ్యలో నిలిస్తే చాలు, వెనకవాడికి ఇక దూరే సందు ఉండదు.

ఇది ఈనాటి జబ్బు కాదు. వెనకటి రోజుల్లో అంతా బాగుండేదని చెప్పేవారు 1992 నాటి పందెం గుర్తు చేసుకోవాలి. ఆ ఏడాది మొదటి ఐదు పందాలూ నైజెల్ మాన్సెల్ గెలిచాడు. మొనాకోలోనూ అతనే ముందున్నాడు. ఇంకా కొద్ది చుట్లే ఉన్నాయనగా ఒక చక్రం తేడా చేసి, టైర్లు మార్పించుకోవడానికి ఆగాడు. ఆ సందులో అయర్టన్ సెన్నా ముందుకు వచ్చాడు. మాన్సెల్ కారు ఎంతో వేగమైనది, టైర్లు కొత్తవి. క్షణాల్లో సెన్నా వెనకకు చేరాడు. ఎడమ నుంచి, కుడి నుంచి ఎన్నోసార్లు ప్రయత్నించాడు. దారి దొరకలేదు. చివరికి సెన్నా 0.215 సెకండ్ల తేడాతో గెలిచాడు.

ఆ పందెంలోనూ దాటుకుపోవడం జరగలేదు. అయినా చూసినవారు దాన్ని మరిచిపోలేదు. ఎందుకని? వెనకవాడు దాటగలడేమో అన్న అనుమానం చివరి మలుపుదాకా బతికి ఉన్నది. ఆ అనుమానమే పందేనికి ప్రాణం. 1996లో వాన పడిన రోజున ఒలివియే పానిస్ పద్నాలుగో స్థానం నుంచి బయలుదేరి గెలిచాడు. ముగింపు గీత దాటిన కార్లు మూడే. అప్పట్లో కార్లు తరచు చెడిపోయేవి, డ్రైవర్లు తరచు గోడలకు కొట్టేవారు. అందుకే ఏమైనా జరగవచ్చన్న ఆశ ఉండేది.

ఆ ఆశ ఎక్కడికి పోయింది? వీధులు దాదాపు అవే, కార్లే పెరిగాయి. 1992లో 505 కిలోలు కనీస బరువుగా ఉన్న కారు (డ్రైవరు కాక), 2025 నాటికి డ్రైవరుతో కలిపి 800 కిలోలకు చేరింది. వెడల్పు రెండు మీటర్లు. పొడవు ఐదు మీటర్లు దాటింది. పైగా యంత్రాలు ఇప్పుడు చెడిపోవడం అరుదు. మొదటి వరసలో ఉన్నవాడు మొదటే ఉంటాడు, పదోవాడు పదో స్థానంలోనే ఉంటాడు. ఇది మాటవరసకు అంటున్నది కాదు. 2024లో మొదటి చుట్టులోనే పెద్ద ప్రమాదం జరిగి పందెం ఆపారు. ఆ విరామంలోనే టైర్లు మార్చుకున్నారు. ఆ తర్వాత టైర్లు అరగకుండా నెమ్మదిగా తిరిగారు. మొదటి పదిమంది ఏ వరసలో బయలుదేరారో అదే వరసలో ముగించారు. గెలిచిన షార్ల్ లెక్లేర్ ఆ ఊరివాడే. ఊరంతా పండుగ చేసుకున్నది. ఊరివారి సంతోషాన్ని నేను తప్పుపట్టను. కాని అది పందెమంటే నమ్మను.

నిర్వాహకులు ఊరుకోలేదు. 2025లో ఒక కొత్త నియమం పెట్టారు. ప్రతి డ్రైవరూ కనీసం మూడు జతల టైర్లు వాడాలి, అంటే రెండుసార్లు ఆగాలి. ఫలితం ఏమైంది? కొన్ని జట్లు తమ ఇద్దరు డ్రైవర్లలో ఒకరిని కావాలని నెమ్మదిగా నడిపించాయి. వెనకవారంతా ఆగిపోతే, ముందున్న తమ రెండోవాడు తీరికగా టైర్లు మార్చుకొని స్థానం పోకుండా తిరిగి వచ్చాడు. అలా ఇరుక్కున్న జార్జ్ రసెల్ విసిగిపోయి, మలుపును అడ్డంగా కోసి ముందుకు దూకి, శిక్ష తీసుకున్నాడు. ప్రపంచంలోనే అతి వేగమైన కార్లను నెమ్మదిగా నడపడమే తెలివి అనిపించుకుంటే, ఆ నియమాన్ని ఏమనాలి? రోగం ఒకటైతే మందు మరొకటి వేసినట్లయింది.

శనివారం కథ వేరు. అర్హత పోటీలో ప్రతివాడూ గడియారంతో పోటీ పడతాడు, ఎదుట అడ్డు ఉండదు. 2023లో మాక్స్ వెర్‌స్టాపెన్ చుట్టు చివరి భాగానికి వచ్చేసరికి ఫెర్నాండో అలోన్సో కన్నా వెనకబడి ఉన్నాడు. మిగిలిన మలుపుల్లో గోడలను రాసుకుంటూ పోయి 0.084 సెకండ్ల తేడాతో మొదటి స్థానం సంపాదించాడు. నైపుణ్యం అంటే ఏమిటో తెలియాలంటే ఆ ఒక్క చుట్టు చాలు.

దాటాలని చూస్తే ఏమవుతుందో మన దేశపు డ్రైవరు ఒకరికి బాగా తెలుసు. 2010లో కరుణ్ చంధోక్ ఇక్కడ పోటీచేశాడు. చివరి చుట్లలో ఒక బిగుతైన మలుపు దగ్గర యార్నో ట్రుల్లి అతన్ని దాటబోయాడు. ట్రుల్లి కారు ఏకంగా చంధోక్ కారు మీదికి ఎక్కింది! అదృష్టవశాత్తు ఇద్దరికీ దెబ్బలు తగల్లేదు.

అయితే వీధిలో మంచి పందెం అసాధ్యమా? కాదు. 2021లో ఇదే మొనాకో దారి మీద విద్యుత్ కార్ల పందెం, అంటే ఫార్ములా ఈ, జరిగింది. ఆ కార్లకు వేగం తక్కువ, వెడల్పూ తక్కువ. అక్కడ ఆఖరి చుట్టులో ఆంటోనియో ఫెలిక్స్ డా కోస్టా ముందున్న మిచ్ ఎవాన్స్‌ను దాటి గెలిచాడు. అలాంటి పందెమే 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగింది. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. 2024లో జరగవలసిన రెండో పందెం రద్దయింది. ఊరి నడిబొడ్డున రోడ్లు మూసి పందెం పెట్టడం మంచిదేనా అన్న వాదన అప్పుడు మనవాళ్లలోనూ గట్టిగా నడిచింది. ఆ వాదనలో నేను ఒక మాట కలుపుతాను. అంత ఇబ్బంది పెట్టి చూపించేది కనీసం నిజమైన పోటీ అయి ఉండాలి.

2026 నుంచి ఫార్ములా వన్ కార్ల వెడల్పు పది సెంటీమీటర్లు తగ్గింది. కనీస బరువు 768 కిలోలకు దిగింది. ఇది సరైన దిక్కులో వేసిన అడుగే గాని, మొనాకో సందులకు చాలదని నా అనుమానం. నిర్వాహకులకు ధైర్యం ఉంటే, ఇక్కడ శనివారం పోటీకే సగం మార్కులు ఇవ్వాలి. మీకు ఎప్పుడైనా టీవీలో చూసే వీలుంటే ఆ శనివారపు గంట చూడండి. ఆదివారం వాన పడితే తప్ప, పేపర్లో ఫలితం చూసుకుంటే సరిపోతుంది.