తుప్పును కప్పుట వేఱు, తీయుట వేఱు



పాత కారును బాగుచేయించుట పురుషుల పని యని మనలో ననేకుల తలంపు. పనిముట్టు పట్టుట వారి పనియే కావచ్చును. కాని ఆ పనికి వలయు సొమ్ము మన పోపులపెట్టెనుండియే గదా బయలుదేరును! అది యే క్రమమున వ్యయమగుచున్నదో తెలిసికొనని యిల్లాలికి తుదకు పైరంగు మాత్రమే మిగులును. ఈ పాఠమును మేము 2023వ సంవత్సరమున కొంత నష్టపడి నేర్చుకొంటిమి. మీకట్టి నష్టము కలుగకుండుటకై ఈ మాసమున దానినే వ్రాయుచున్నాము.

మా మామగారు 1998లో కొన్న మారుతి 800 కారు, 2020లో వారు స్వర్గస్థులైనది మొదలు, మా పెరటిలోని వేపచెట్టు క్రింద కదలక నిలిచియుండెను. ఈ చిన్న కారు 1983 డిసెంబరులో మన దేశపు వీధులలోనికి వచ్చినది. 2014తో దీని తయారీ ఆగిపోయినది. ఈ నడుమ లక్షల కొలది అమ్ముడుపోయి, ఎన్నియో సామాన్య కుటుంబములకు మొదటి కారైనది. అందువలన దీని విడిభాగములు నేటికిని చిన్న పట్టణములలో సయితము దొరకును. దీని మర్మము లెఱుగని మెకానిక్కు అరుదు. తక్కువ సొమ్ముతో పాతబండిని బాగుచేయింపదలచువారు మొదట విచారింపవలసినది ఇదియే. భాగములు దొరకని బండి ఎంత అందమైనదైనను ధనికుల వినోదమునకే తగును.

మా అత్తగారికి మోకాళ్లనొప్పి. బస్సు మెట్టు ఎక్కలేరు. పట్టణములోని వైద్యుని యొద్దకు నెలకు రెండుమారులు ఆటోలో పోయివచ్చుటకు అయ్యెడి బాడుగ మాకు భారముగా నుండెను. ఇంతలో బండి రిజిస్ట్రేషను గడువు సెప్టెంబరుతో తీరనుండెను. సొంత కారునకు మొదట పదునైదేండ్లును, అటుపై బండిని పరీక్షించి ఐదేసి యేండ్లును గడువిత్తురు. పాత ఇనుపసామాను కొనువాడు వచ్చి 18,000 రూపాయలిత్తు ననెను. కూడబెట్టిన సొమ్ము మా యొద్ద 30,000 మాత్రమే యుండెను.

మొదటి తప్పు మాదే. వైశాఖమున ఆడుబిడ్డగారి కూతురి పెండ్లి. పెండ్లివారు మా యింటికి వచ్చునప్పటికి వాకిట నున్న బండి ముచ్చటగా కనబడవలెనని మాకు తోచెను. పండుగల ఖర్చునకై దాచిన దానినుండి 1,800 రూపాయలు తీసి ఒక రంగులవానికిచ్చితిమి. అతడు తలుపుల అంచులను పైపైన గీకి, చిల్లులలో లప్పము నింపి, నున్నగా రుద్ది రంగు కొట్టెను. చూచినవారందఱును మెచ్చుకొనిరి. ఆషాఢమున రెండు వానలు కురిసినవో లేదో, రంగు పొక్కులెత్తెను. వ్రేలితో నొక్కగా లప్పము పెచ్చుగా ఊడి చేతిలో పడెను. వెనుకటి చిల్లు మునుపటికంటె పెద్దదై యుండెను.

ఇట్లేల జరిగెనో అప్పుడు విచారించి తెలిసికొంటిమి. ఇనుము, నీరు, గాలిలోని ప్రాణవాయువు, ఈ మూడును కూడినచోట తుప్పు పుట్టును. ఉప్పు తోడైనచో వేగము హెచ్చును. మా యూరు సముద్రమునకు ఆమడ దూరమే. రాగిమీది చిలుము పొర క్రిందనున్న లోహమును కొంతవఱకు కాపాడును. ఇనుముమీది తుప్పు అట్టిది కాదు. అది గుల్లయై తేమను పీల్చి, లోపలి ఇనుమును నానాటికి తినివేయును. తాను పుట్టిన ఇనుముకంటె ఎక్కువ చోటు నాక్రమించును గనుక పైనున్న రంగును పొక్కించి లేపును. లప్పము గట్టి రేకుమీది సొట్టను సరిచేయుటకు ఏర్పడినదే కాని తుప్పునకు మందు కాదు. పైపెచ్చు, లోనికి చేరిన తేమను అచటనే నిలుపును. భారతములోని లక్కయిల్లు చూపునకెంత సొంపుగా నుండెనో, లోపల నంత ప్రమాదమును దాచుకొనియుండెను. లప్పము క్రింది తుప్పును అట్టిదే.

పిమ్మట మా వారు తమకు పరిచితుడైన ఒక ముసలి మెకానిక్కును పిలుచుకొని వచ్చిరి. అతడు రంగు వంక చూడనేలేదు. బండిని జాకీపై ఎత్తి, ముందటి సీట్లను ఊడదీసి, క్రిందనున్న చాపను తొలగించెను. చాప అడుగున వేపాకు కుళ్లు నల్లని బురదయై యుండెను. అతడు స్క్రూడ్రైవరు మొనతో అడుగురేకును మెల్లగా పొడిచెను. అది రేకును దాటి నేలను తాకెను.

"అమ్మగారూ, పెద్దమ్మగారు కూర్చునేది ఈ సీటులోనేనా?" అని అతడడిగెను. మేము మాటాడలేకపోతిమి. ఆ సీటును పట్టియుంచు బోల్టునకు జానెడు దూరముననే ఆ చిల్లు ఉండెను. తలుపు రంగునకై తీసి యిచ్చిన 1,800 రూపాయలు అప్పుడు మాకు జ్ఞాపకము వచ్చినవి.

ఈ కారునకు లారీకివలె వేఱుగ చట్రము లేదు. రేకులను మలచి అతికిన ఒడలే దీని చట్రము. కావున అడుగురేకును, తలుపు క్రింద గడపవలె నుండు రన్నింగు బోర్డును కుళ్లినచో, అది అందమునకు వచ్చిన లోపము కాదు, బలమునకు వచ్చిన లోపము. పరీక్షిన్మహారాజు ఒంటికంబపు మేడలో ఎంత కట్టుదిట్టముగా నున్నను తక్షకుడు పండులోని పురుగై వచ్చెనట. మనమును తలుపులకు తాళములు వేయుదుము. తడికాళ్లతో ఎక్కి చాప క్రిందికి నీటిని మనమే చేర్చుదుము.

ఆ రాత్రి మా యింట పెద్ద చర్చ జరిగెను. తండ్రిగారి బండిని ఇనుమునకు అమ్ముట మా వారికి మనసొప్పదు. అత్తగారు బాధపడుదురని మాకు సంకోచము. చివరకు అత్తగారే, "అమ్మాయీ, బండి ఆయన కాదు. ఆయన గుర్తని చెప్పి పిల్లలను గుల్ల బండిలో ఎక్కింతుమా? బాగగునేమో అడుగుడు, కాదన్నచో పంపివేయుడు" అనిరి. ఆ మాటతో మా మనసు తేలికపడెను. మఱునాడు మేము రెండు హద్దులు పెట్టుకొంటిమి. ఒకటి, 30,000 దాటరాదు. రెండు, చక్రములను మోయు భాగములు ఒడలికి అతుకు చోట్ల గాని, స్టీరింగు బిగించుచోట గాని రేకు కుళ్లియున్నచో బండిని అమ్మివేయవలెను. పాతబండి పనికి దిగుటకు ముందే ఇట్టి హద్దు పెట్టుకొనని వారు, ఇదివఱకు పెట్టిన సొమ్మును విడువలేక, మఱల మఱల పెట్టుచునేయుందురు. అదృష్టవశమున ఆ చోట్లు గట్టిగా నుండెను.

ఇక మా వ్యయక్రమమును వినుడు. మొదటిది అడుగురేకు. కుళ్లిన భాగమును గట్టి ఇనుము కనబడు వఱకు కోసివేసి కొత్త రేకును వెల్డింగు చేయించి, అడుగున నీరంటని నల్లపూత వేయించుటకు 6,500. వెల్డింగునకు ముందు బాటరీ తీగలు విప్పించి, పెట్రోలు టాంకును దింపించి దూరముగా పెట్టింపవలెను. ఇందు తొందర కూడదు.

రెండవది బ్రేకులు. నాలుగు చక్రముల పనికిని, తుప్పుపట్టిన బ్రేకు గొట్టముల మార్పునకును, కొత్త ద్రవమునకును 4,800. బ్రేకు ద్రవము గాలిలోని తేమను పీల్చుకొను గుణము కలది. తేమ చేరిన ద్రవము వేడికి త్వరగా మరిగి ఆవిరి పుట్టినచో, ఎంత తొక్కినను బండి నిలువకపోవచ్చును. బండి తిరుగకున్నను ద్రవము పాతబడుట మానదు.

మూడవది టైర్లు. టైరు ప్రక్కన ముద్రించిన నాలుగంకెలను చూచిన దాని వయస్సు తెలియును. 2319 అని యున్నచో 2019వ సంవత్సరపు 23వ వారమున తయారైనదని యర్థము. గాడులు లోతుగా నున్నను ముసలిదైన రబ్బరు పగులును. మా బండికి రెండు టైర్లు పనికివచ్చినవి; రెండు కొత్తవి కొంటిమి. 5,000.

నాలుగవది బాటరీ, 3,800. ఐదవది ఇంజను పని. మూడేండ్లు నిలిచిన పెట్రోలు జిగురై కార్బురేటరులోని సన్నని రంధ్రములను మూసివైచెను. దానిని శుభ్రము చేయించి, టాంకును కడిగించి, నూనె, ఫిల్టర్లు, ప్లగ్గులు, బెల్టు మార్పించుటకు 2,900. ఆఱవది రిజిస్ట్రేషను పొడిగింపు రుసుము. అది 2022 ఏప్రిలు మొదలు 5,000గా నుండెను. అటుపిమ్మట మార్పులు జరిగినవి గనుక మీరు కట్టబోవునప్పుడు విచారించుకొనవలెను. ఇక మిగిలినది తలుపుల తుప్పు. దానికి 1,600. మొత్తము 29,600. బీమా ఏటేటి ఖర్చు గనుక ఈ లెక్కలో వేయలేదు.

పాతభాగములు కొనుట తప్పు కాదు. పగిలిన దీపపు గాజును, తలుపు పిడిని పాతబండ్ల అంగడిలో అగ్గువకు తెచ్చితిమి. కాని బ్రేకులు, టైర్లు, స్టీరింగు భాగములు మాత్రము ఒకరు వాడి విడిచినవి తేరాదు. చూపునకు పనికివచ్చునది పాతది కొనవచ్చును. ప్రాణమును మోయునది కొత్తదే కొనవలెను.

తలుపుల పని కూలికి ఇచ్చుటకు సొమ్ము లేకపోవుటచే మేమును మా వారును రెండు ఆదివారములు కూర్చుండి చేసితిమి. చేతులకు తొడుగులు, కన్నులకు అద్దములు, ముక్కునకు గుడ్డ మొదట ధరింపవలెను. లప్పము, పొక్కిన రంగు యావత్తును ఊడదీసి, తీగబ్రష్షుతోను, పిదప 80 సంఖ్య గల గరుకు కాగితముతోను రేకు తెల్లగా మెఱయువఱకు రుద్దవలెను. గుంతలలో మిగిలిన తుప్పునకు ఫాస్ఫారికామ్లము గల మందు దొరకును. అది తుప్పును నల్లని గట్టి పొరగా మార్చును. సీసాపై వ్రాసినట్లు తుడిచి, బాగుగా ఆరనిచ్చి, 180 సంఖ్య కాగితముతో నునుపు చేసి, ఆ దినముననే రెడ్ ఆక్సైడు ప్రైమరు రెండు పూతలు వేయవలెను. సముద్రతీరమున బట్టబయలైన ఇనుము ఒక్క రాత్రి నిలిచినను తెల్లవారునప్పటికి ఎఱ్ఱబాఱును. ఆ పైననే రంగు. చిల్లున్నచోట రేకు అతికింపక గత్యంతరము లేదు.

ఇంత చేసిన పిమ్మట కాపాడుకొనుట మన చేతిలోనిది. అట్లపెనమును కడిగి తడితో విడుతుమా? తుడిచి నూనె రాచి పెట్టుదుము గదా! బండికిని అంతే. తలుపుల అడుగున నీరు పోవుటకు సన్నని రంధ్రము లుండును. అద్దము ముందటి జాలీలో పడిన ఆకులు, తలుపులలోని మట్టి, ఈ దారులను మూసివేయును. నెలకొకమారు పుల్లతో వానిని శుభ్రము చేయవలెను. వానలో తిరిగి వచ్చిన నాడు చాపలను తీసి ఎండలో వేయవలెను. గాలి చొరని ప్లాస్టిక్కు పట్టాను బిగించి కప్పినచో లోని తేమ లోపలనే యుండును. దానికంటె కప్పు క్రింద ఊరక నిలుపుట మేలు. చెట్టునీడ చల్లనిదే గాని బండికి హితము కాదు.

ఆగస్టు నెలాఖరున బండి పరీక్షకు పోయినది. బ్రేకులను, దీపములను, టైర్లను పరీక్షించి ఐదేండ్లకు అనుమతి యిచ్చిరి. ఆ వారముననే అత్తగారిని ముందటి సీటున కూర్చుండబెట్టుకొని మా వారు వైద్యుని యొద్దకు కొనిపోయిరి. ఆమె ఎక్కుటకు ముందు చాపను కొంచెము ఎత్తి, కొత్త రేకును చేతితో తట్టి చూచుకొనిరి. మేము నవ్వితిమి; ఆమెయు నవ్విరి.

మా బండి తలుపుల రంగు నేటికిని మిగిలిన ఒడలి రంగుతో సరిగా కలియలేదు. వీధివారు ఒకరిద్దఱు ఇంకొక పూత వేయింపరాదా యని యడిగిరి కూడ. మిగిలిన 400 రూపాయలకు ఆ రంగు రాదు. వచ్చు సంక్రాంతికి సొమ్ము చేరినచో వేయింతము. చేరనిచో ఆ తలుపులతోనే తిరుగుదుము. కనబడని చోట సొమ్ము పెట్టుటకు గుండెనిబ్బరము కావలెను, మెచ్చుకొనువారు ఉండరు గనుక. మీ యింట పాతబండి యున్నచో రంగులవానిని పిలుచుటకు ముందు చాప నెత్తి చూడుడు.